మార్చి 15 లోపు ఒక చేప

"ఒకే చోట మూడు దెబ్బలు వెయ్యాలి. మూడో దెబ్బకి నీళ్లు కనిపించాయా, ఇంక ముందుకి చూడొద్దు. వచ్చిన అడుగుల్లోనే వెనక్కి వచ్చెయ్యండి."

గడ్డకట్టిన సరస్సు మీద నడవడం గురించి మా బావ వాళ్ల పక్కింటి పెద్దాయన మాకు చెప్పిన మొదటి పాఠం ఇది. ఆయన చేతిలో ఉన్నది అచ్చం మన గునపమే, కాకపోతే కొస ఉలిలా పలకగా ఉంది. ఇక్కడ కెనడాలో దాన్ని స్పడ్ బార్ అంటారు. చేపలు పట్టడం నేర్పమని వెళ్తే ఆయన గంటసేపు ఐస్ గురించే మాట్లాడాడు. గాలం ఊసు ఎత్తలేదు. నాకు లోపల కొంచెం విసుగేసిన మాట నిజం.

మాది కైకలూరు పక్కన ఊరు. కొల్లేరు గట్టు మీద పుట్టినవాడికి చేపలు పట్టడం ఎవరో నేర్పాలా అని నా ధీమా. తాతయ్య తాటిదోనెలో కూర్చోబెట్టుకుని తీసుకెళ్లేవాడు. కొరమీనుకి గాలం ఎలా వెయ్యాలో, మావు ఎక్కడ పెడితే జెల్లలు పడతాయో బడికి వెళ్లకముందే తెలుసు. కెనడా వచ్చి మూడేళ్లయింది. బ్రాంప్టన్‌లో ఉంటాను. అక్కా బావా బ్యారీలో ఉంటారు, హైవే 400 ఎక్కితే గంట దారి. చలికాలంలో వాళ్లింటికి వెళ్లినప్పుడల్లా సరస్సు మీద చిన్న చిన్న గుడిసెలు, వాటి పక్కన బకెట్ల మీద కూర్చున్న మనుషులు కనిపించేవాళ్లు. గడ్డకట్టిన నీటికి కన్నం పెట్టి అందులోకి గాలం వేస్తారు. చూసినప్పుడల్లా చెయ్యి దురద పెట్టేది.

జనవరిలోనే వెళ్దామనుకున్నాం. ఒక వారం నాకు రాత్రి షిఫ్టు, ఇంకో వారం మేనకోడలి పుట్టినరోజు, తర్వాతి వారం మైనస్ పాతిక చలి. అలా వాయిదా పడుతూ మార్చి వచ్చేసింది. పెద్దాయన ఒకరోజు కంచె అవతల నుంచే బావని అడిగాడట, "మీ బావమరిది వస్తాడా, రాడా? 15తో అయిపోతుంది" అని. బ్యారీ పక్కనున్న ఆ సిమ్కో సరస్సులో లేక్ ట్రౌట్ అనే చేపకి చలికాలపు సీజను మార్చి 15తో మూసేస్తారు. ఐస్ మీది గుడిసెలన్నీ కూడా ఆ తేదీకల్లా ఒడ్డుకి చేర్చెయ్యాలి. అదీ సంగతి. మార్చి రెండో వారంలో ఒక మంగళవారం సెలవు పెట్టాను.

మొదలు పెట్టే ముందు ఒక మాట. మనకి స్నో అయినా ఐస్ అయినా మంచే. ఆ సరస్సు మీద నిలబడ్డాక ఆ రెండింటికీ ఒకటే మాట వాడితే ప్రాణం మీదకి వస్తుందని అర్థమైంది. అందుకని ఇక్కడ పైనుంచి రాలేది మంచు, నీరు గట్టిపడితే ఐస్ అనే రాస్తాను.

సిమ్కో పెద్ద సరస్సు, 722 చదరపు కిలోమీటర్లు. టొరంటోకి ఉత్తరాన ఉంటుంది. దక్షిణం కొసన కుక్స్ బే లోతు తక్కువ కాబట్టి ముందు అదే గడ్డకడుతుంది. పడమటి వైపు బ్యారీ ఊరిదాకా చెయ్యి చాచినట్టు వచ్చే పాయ కెంపెన్‌ఫెల్ట్ బే. అది బాగా లోతు, ఒకచోట 40 మీటర్లు దాటుతుంది. అంటే రెండు తాటిచెట్లు ఒకదాని మీద ఒకటి నిలబెట్టినంత. ఆ నీళ్లన్నీ చల్లారేసరికి ఆలస్యమవుతుంది, అందుకే ఈ పాయ కుక్స్ బే కన్నా ఆలస్యంగా గడ్డకడుతుంది. వేసవిలో మోకాలి లోతుకి దిగిపోయే కొల్లేరు చూసిన నాకు ఆ లోతు తల్చుకుంటేనే కడుపులో ఏదోలా అయింది. మనకి కావలసిన చేప అక్కడే ఉంటుంది. లేక్ ట్రౌట్‌కి చలి కావాలి, లోతు కావాలి, ఆక్సిజన్ బాగా ఉన్న నీళ్లు కావాలి.

వెళ్లే ముందురోజు అమ్మ ఫోన్ చేసింది. "చెరువంతా గడ్డకడితే చేపలు చావవంట్రా?" అంది. మంచి ప్రశ్నే. నీళ్లు నాలుగు డిగ్రీల దగ్గర అన్నిటికన్నా బరువుగా ఉంటాయి, అవి అడుగుకి పోతాయి, అంతకన్నా చల్లబడినవి తేలికై పైకి వచ్చి గడ్డకడతాయి, అడుగున చేప హాయిగా తిరుగుతుంది అని చెప్పాను. "సరేగానీ, ఆ పైన నువ్వు తిరగడం ఎందుకు?" అంది. దానికి నా దగ్గర సమాధానం లేదు.

లైసెన్సు గురించి ఎక్కువ చెప్పను. అంటారియోలో వరసగా ఆరు నెలలు ఉన్నవాళ్లకి స్థానికుల రేటే వర్తిస్తుంది. అవుట్‌డోర్స్ కార్డు ఒకటి, దానిమీద చేపల లైసెన్సు ఒకటి. లైసెన్సులో రెండు రకాలు. స్పోర్ట్ తీసుకుంటే ఈ సరస్సులో లేక్ ట్రౌట్ రోజుకి రెండు ఉంచుకోవచ్చు, కన్సర్వేషన్ తీసుకుంటే ఒక్కటే. మేమిద్దరం రెండోదే తీసుకున్నాం. చవక అని నేను, "ఒకటి పడితే అదే పదివేలు" అని బావ.

ముందురోజు సాయంత్రం పెద్దాయన గరాజ్‌లో క్లాసు. స్పడ్ బార్ తర్వాత ఆయన తీసింది రెండు కర్రముక్కలు. చిన్న పిడుల్లా ఉన్నాయి, ఒక్కోదాని కొసన మేకు, రెండిటికీ మధ్య తాడు. మెళ్లో వేసుకోవాలి, జపమాలలాగా. ఐస్ విరిగి నీళ్లలో పడితే తడి చేతులకి ఆ నున్నటి అంచు మీద పట్టు దొరకదు. ఈ మేకులు గుచ్చి, కాళ్లు ఈత కొట్టినట్టు ఆడిస్తూ పైకి పాకాలి. పాకాక లేచి నిలబడకూడదు, దొర్లుకుంటూ దూరం పోవాలి. అదీ వచ్చిన దిక్కుకే, ఎందుకంటే అంతసేపు నిన్ను మోసిన ఐస్ అటే ఉంది. "ఒక నిమిషం, పది నిమిషాలు, ఒక గంట. గుర్తు పెట్టుకోండి" అన్నాడు. పడ్డాక మొదటి నిమిషం ఎగశ్వాస వస్తుంది, ఊపిరి అదుపులోకి తెచ్చుకోవడం ఒక్కటే పని. ఆ తర్వాత పది నిమిషాలు చేతులూ కాళ్లూ చెప్పిన మాట వింటాయి. స్పృహ తప్పడానికి ఇంచుమించు గంట పడుతుంది. చాలామంది గంట ఉందని తెలియక మొదటి నిమిషంలోనే భయంతో పోతారట.

బావ నావైపు చూశాడు. "ఏం బామ్మర్దీ, పోనీ ఆ చేపల కొట్టుకి పోదామా?"

"నువ్వు పో బావా, నేను వెళ్తా" అన్నాను. గొంతు మాత్రం అంత గట్టిగా రాలేదు.

పెద్దాయన చెప్పినవాటిల్లో నాకు బాగా నచ్చింది ఒడ్డు ఎంచుకునే లెక్క. కెంపెన్‌ఫెల్ట్ బేకి ఉత్తరపు ఒడ్డున షాంటీ బే, దక్షిణపు ఒడ్డున మినెట్స్ పాయింట్. మార్చిలో సూర్యుడు దక్షిణంగా వాలి ఉంటాడు. ఉత్తరపు ఒడ్డు ఎండకి ఎదురుగా ఉంటుంది కాబట్టి అటు ఐస్ ముందు కుళ్లుతుంది. దక్షిణపు ఒడ్డుకి చెట్ల నీడ, గట్టు నీడ. అందుకని సీజను చివర్లో మినెట్స్ పాయింట్ వైపు నుంచే దిగాలన్నాడు. ఆయన కుళ్లడం అనే మాటే వాడాడు. ఐస్‌కి ఆ మాటేంటి అనుకున్నాను.

మర్నాడు తెల్లవారుజామున అర్థమైంది. అంతకుముందు ఆదివారమే గడియారాలు గంట ముందుకి జరిపారు కాబట్టి ఏడైనా చీకటే. మైనస్ ఏడు చలి. పెద్దాయన మోకాలికి ఆపరేషన్ అయింది, మాతో రాలేడు, అయినా ఒడ్డుదాకా తన ట్రక్కులో వచ్చాడు. ఒడ్డు పక్కన విరిగి పడున్న ఒక ఐస్ ముక్క తీసి నా చేతిలో పెట్టాడు. మందం జానెడు పైనే. రాయిలా ఉంది. "నలిపి చూడు" అన్నాడు. రెండు చేతులతో నొక్కాను. కళ్లముందే నిలువునా పుల్లలు పుల్లలుగా విడిపోయి, గ్లవుల సందుల్లోంచి జలజలా రాలిపోయింది. ఒక్కో పుల్లా అగరొత్తు అంత పొడుగు, గాజులా నిగనిగలాడుతోంది. ఎండ లోపలికి దిగి, స్ఫటికాలు ఒకదానికొకటి అతుక్కున్న చోట కరిగించేస్తుందట. చూడ్డానికి అడుగు మందం ఉంటుంది, లోపల ఒకదాన్నొకటి పట్టుకునేది ఏమీ ఉండదు. కొవ్వొత్తుల కట్టలా ఉంటుంది కాబట్టి ఇక్కడివాళ్లు క్యాండిల్డ్ ఐస్ అంటారు. జనవరిలో నాలుగంగుళాల గట్టి ఐస్ మనిషిని మోస్తుంది, మార్చిలో ఇలాంటిది పన్నెండు అంగుళాలున్నా మొయ్యకపోవచ్చు. ఎంత మందం అన్నది కాదు, ఏ రకం అన్నదే లెక్క.

ఒడ్డుకీ ఐస్‌కీ మధ్య రెండడుగుల మేర నీళ్లు, వాటిమీద రాత్రి కట్టిన పల్చటి పొర. ఎవరో పలక వేసి పెట్టారు. మొదటి పది అడుగులు పెద్దాయనే పలక మీద నుంచి వంగి గునపంతో కొట్టి చూశాడు. టక్, టక్, టక్. ఆ చప్పుడు ఆయనకి నచ్చినట్టుంది, తలూపాడు. గునపం బావ చేతికిచ్చి గడియారం చూపించాడు. "పదకొండున్నరకి మీరిద్దరూ ఈ పలక మీద ఉండాలి. గాలానికి చేప ఉన్నా సరే." అంతే, ట్రక్కు ఎక్కి వెళ్లిపోయాడు.

బావ ముందు, ఇరవై అడుగులు వెనక నేను, నా నడుముకి తాడు కట్టి సామాను తొట్టి. ఇద్దరూ పక్కపక్కన నడవకూడదు. అడుగు, మూడు దెబ్బలు, అడుగు, మూడు దెబ్బలు. మంచి ఐస్ మీద గునపం పడితే కంచు మోగినట్టు టంగుమంటుంది. మెత్తబడినచోట దబ్‌మని గోనెసంచి మీద కొట్టినట్టుంటుంది. తాతయ్య కుండలు కొనేటప్పుడు వేలితో కొట్టి వినేవాడు, పగులున్న కుండ పలికే తీరు వేరు. వంద గజాలు పోయేసరికి నా చెవులకి తేడా తెలియడం మొదలైంది.

ఇంతలో ఐస్ అరిచింది. వేరే మాట లేదు దానికి. కాళ్ల కింద ఎక్కడో మొదలై పాయ అవతలి ఒడ్డుదాకా "ప్యూఁ...వ్" అని ఏదో ఈదుకుంటూ పోయినట్టు పోయింది. ఇద్దరం కొయ్యబారిపోయాం. ఎండ తగిలేసరికి ఐస్ సాగుతుంది, రాత్రి చలికి ముడుచుకుంటుంది, ఆ బిగువులో వచ్చే శబ్దం అని పెద్దాయన ముందే చెప్పాడు. అరిచే ఐస్‌కి భయపడక్కర్లేదు, నోరు మూసుకున్న ఐస్‌కే భయపడాలి అని కూడా అన్నాడు. తెలిసినా మోకాళ్లకి ఆ సంగతి తెలియదు కదా.

ప్రతి యాభై గజాలకీ ఒక కన్నం వేసి మందం కొలిచాం. ఆగర్ అనేది మన దగ్గర కరెంటు స్తంభాలకి గుంతలు తీసే మిషన్‌కి చిన్న తమ్ముడు, బ్యాటరీతో తిరుగుతుంది. ఎనిమిదంగుళాల వెడల్పు కన్నం పడుతుంది. మొత్తం పద్నాలుగు అంగుళాలు తేలింది. అందులో పై అయిదూ తెల్లగా పాలగడ్డలా ఉన్నాయి. మంచు కురిసి, తడిసి, మళ్లీ గడ్డకట్టిన భాగం అది, దానికి బలం సగమే. కింద తొమ్మిది అంగుళాలు నల్లగా, అద్దంలా. అది చాలు.

ఒడ్డు నుంచి కిలోమీటరు దాటాక ఆగాం. ఫ్లాషర్ చూస్తే లోతు 85 అడుగులు. చిన్న గుండ్రటి తెర ఉన్న సోనార్ ఇది. కన్నంలోకి దాని కన్ను దింపితే, అడుగు ఎక్కడుందో, నీ ఎర ఎక్కడుందో, మధ్యలో ఏదైనా కదులుతుందో రంగు గీతలుగా చూపిస్తుంది. కన్నంలో తేలే ఐస్ తునకలు తీసెయ్యడానికి ఒక గరిటె ఇచ్చారు, బూందీ గరిటె లాంటిదే. బావ అంతదాకా ఒక్క మాట కూడా అనలేదు గానీ, గరిటె చేతిలో పడగానే "మీ అక్కకి తెలిస్తే వంటింట్లో కూడా ఇదే పని పెడుతుంది" అని బాధపడ్డాడు.

గుడారం వేసుకోలేదు. సీజను చివర్లో ఆ బరువు లాక్కెళ్లడం దండగ, పైగా మూసిన గుడారంలో గ్యాస్ పొయ్యి వెలిగించుకుని కార్బన్ మోనాక్సైడ్‌తో పోయినవాళ్ల కథలు పెద్దాయన దగ్గర ఉన్నాయి. బకెట్లు బోర్లించుకుని కూర్చున్నాం. ఇక్కడ మనిషికి రెండు గాలాలు వేసుకోవచ్చు, కానీ రెండూ కళ్లముందు, 60 మీటర్ల లోపు ఉండాలి. ఉన్న ఒక్కదాన్నే చూసుకోలేకపోతున్నాం, రెండోది ఎందుకని వదిలేశాం.

గాలం కర్ర చూస్తే నవ్వొచ్చింది. మూరెడు కూడా లేదు, పిల్లల బొమ్మలా ఉంది. ఎర కూడా నిజమైనది కాదు, తెల్లటి మెత్తని రబ్బరు గొట్టం, లోపల సీసం గుండు, కింద కుచ్చులు. ట్యూబ్ జిగ్ అంటారు. కొల్లేట్లో గాలం వేసి బెండు వైపు చూస్తూ కూర్చునేవాళ్లం, కదిలితే పాపం. ఇక్కడ అంతా తిరగబడింది. లేక్ ట్రౌట్ వెంటపడి వేటాడే చేప. దానికి ఎర పారిపోవాలి. అడుక్కి దించి, రెండడుగులు ఎగరేసి, జారనిచ్చి, మళ్లీ ఎగరెయ్యాలి. తెరమీద చేప గీత కనిపించి ఎర వైపు వస్తుంటే ఆపకూడదు, పైకి చుట్టేస్తూనే ఉండాలి. మనం ఆగితే అది అనుమానపడి వెళ్లిపోతుంది.

ఈ ముక్క పెద్దాయన పదిసార్లు చెప్పాడు. అయినా తొమ్మిదింపావుకి మొదటిసారి అడుగు నుంచి లావుపాటి ఎర్ర గీత పైకి లేస్తుంటే నేనేం చేశాను? కొయ్యలా ఆగిపోయాను. చిన్నప్పటి అలవాటు. ఎర్ర గీత నా ఎర కిందికి వచ్చి, ఒక్క క్షణం నిలబడి, మెల్లగా కిందికి దిగిపోయింది. ఇంతకన్నా సిగ్గుచేటు పని ఆ ఐస్ మీద ఇంకొకటి ఉండదు. బావ చూశాడు గానీ ఏమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువ తగిలింది.

తర్వాత గంటసేపు ఏమీ లేదు. ఎండ ఎక్కింది. ఐస్ మీద అక్కడక్కడా నీళ్లు చేరడం మొదలైంది. నా కన్నం వైపు చుట్టుపక్కల నీళ్లన్నీ సన్నటి కాలవల్లా జారుతున్నాయి, కన్నంలో చిన్న సుడి తిరుగుతూ దిగుతున్నాయి. పొలంలో తూము తెరిచినట్టే. ముచ్చటగా ఉంది. అయితే ఆ నీళ్లే కన్నాన్ని కొరుక్కుంటూ వెడల్పు చేస్తాయన్న సంగతి అప్పుడు బుర్రకి ఎక్కలేదు.

పదిన్నరకి మళ్లీ గీత. ఈసారి 60 అడుగుల దగ్గర, అడుక్కి చాలా పైన. దాన్ని దాటించి చుట్టడం మొదలుపెట్టాను. 50. వస్తోంది. 40. వేగం పెంచాను, అదీ పెంచింది. 30 దగ్గర ఎర గీతా చేప గీతా ఒకటైపోయాయి, కర్ర కొస నీళ్లలోకి వంగిపోయింది. అంత చిన్న కర్ర ఎందుకో అప్పుడర్థమైంది, చేప నేరుగా మణికట్టుతో మాట్లాడుతుంది. తల అడ్డంగా విదిలిస్తోంది, గుడ్‌గుడ్‌మని ఒక్కో విదిలింపూ మోచేతిదాకా తెలుస్తోంది. దారం ఐస్ అంచుకి రాసుకుంటే తెగిపోతుంది, కర్ర కొస కన్నంలోకి పెట్టమని బావ అరుస్తున్నాడు. మూడుసార్లు పైకి తెచ్చాను, మూడుసార్లు కిందికి లాక్కుపోయింది.

ఇంతలో కన్నంలోంచి బుడగలు వచ్చాయి. ముందు నాలుగైదు, తర్వాత పులుసు ఉడుకుతున్నట్టు. భయపడ్డాను. "వదుల్తోంది, వదుల్తోంది!" అని బావ సంబరం. లేక్ ట్రౌట్‌కి కడుపులోని గాలితిత్తి నుంచి గొంతుకి దారి ఉంటుంది, లోతు నుంచి పైకి వస్తుంటే ఉబ్బిన గాలిని తేన్చినట్టు వదిలేస్తుంది. అది చెయ్యలేని చేపలు లోతు నుంచి తెస్తే తిత్తి ఉబ్బిపోయి పాడైపోతాయి. దీన్ని మళ్లీ వదిలినా బతకడానికి ఆ తేన్పు ఒక కారణం. బుడగల వెనకే నల్లటి నీళ్లలో తెల్లగా మెరుపు తిరిగింది, ఆ తర్వాత తల.

కన్నం ఎనిమిదంగుళాలు, తల నిండా పట్టింది. చేపని బయటికి తియ్యలేదు. చలిగాలికి కళ్లూ మొప్పలూ గడ్డకడతాయని, వదిలే చేపైతే నీళ్లలోనే ఉంచాలని చెప్పారు. గ్లవ్ తీసి చెయ్యి ముంచాను. ముదురు బూడిద ఆకుపచ్చ ఒళ్లు, మీద బియ్యపుగింజలు చల్లినట్టు లేత మచ్చలు. పేరుకి ట్రౌటే గానీ నిజానికి ఇది చార్ జాతి. ట్రౌట్లకి లేత ఒంటి మీద ముదురు చుక్కలుంటాయి, వీటికి ముదురు ఒంటి మీద లేత చుక్కలు. తోక లోతుగా చీలి ఉంటుంది. పొలుసులు ఎంత సన్నవంటే వేలికి తగలనే లేదు.

అప్పుడు రెక్కలు చూశాను. పెద్దాయన అడిగిన ఒకే ఒక్క సాయం అది. ఈ సరస్సు కథ అలాంటిది. చుట్టుపక్కల పొలాల నుంచి, ఊళ్ల నుంచి ఫాస్ఫరస్ కొట్టుకొచ్చి నీళ్లలో నాచు పెరిగింది. ఆ నాచు చచ్చి అడుక్కి దిగి కుళ్లుతూ లోతునీటి ఆక్సిజన్ తినేసింది. ఆ లోతుల్లోనే వేసవి గడపాల్సిన ట్రౌట్ పిల్లలు బతకలేదు. 1980ల నాటికి ఇక్కడ వీటికి సొంతంగా పిల్లలు నిలవడమే ఆగిపోయింది. హేచరీలో పెంచి వదిలే పిల్లలతోనే ఇన్నాళ్లూ నడిచింది. వదిలేముందు ప్రతి పిల్లకీ ఒక రెక్క కత్తిరిస్తారు. ఏ రెక్క అన్నది ఏటేటా మారుస్తారు, దాన్నిబట్టి వయసు తెలుస్తుంది. 2008లో సిమ్కో కోసం ప్రత్యేకంగా చట్టం చేశారు, అడుగునీటిలో లీటరుకి 7 మిల్లీగ్రాముల ఆక్సిజన్ లక్ష్యంగా పెట్టుకున్నారు. మెల్లమెల్లగా సరస్సులోనే పుట్టిన పిల్లలు మళ్లీ కనపడుతున్నాయి. అన్ని రెక్కలూ ఉన్న చేప అంటే ఈ రాళ్లలోనే గుడ్డు పగిలి పుట్టిందన్నమాట. చెరువులు తవ్వి కొల్లేరుని ఏం చేశామో చూసినవాణ్ణి కాబట్టి ఈ కథ విన్నప్పుడు గరాజ్‌లో నేను కాసేపు ఏం మాట్లాడలేదు.

ముందు రెక్కలు రెండు. పొట్ట రెక్కలు రెండు. వీపు మీది రెక్క. దానికీ తోకకీ మధ్య గోరంత కండరెక్క, అదీ ఉంది. కొసలు గుండ్రంగా, వాటంగా ఉన్నాయి. మళ్లీ లెక్కపెట్టాను. అన్నీ ఉన్నాయి.

ఉంచుకోవడానికి చట్టం ఒప్పుకుంటుంది. అయిదు పౌన్లకి తక్కువ ఉండదు. బావ మొహంలో పులుసు కనపడుతోంది. "నీ చేప, నీ ఇష్టం" అన్నాడు, ఆ మాట అన్న తీరులో ఇష్టం ఎటుండాలో కూడా చెప్పేశాడు. కొక్కెం తీసి, తల కిందికి పెట్టి చెయ్యి వదిలాను. ఒక్క విదిలింపు, నా మొహం నిండా నీళ్లు. చెయ్యి పది నిమిషాలదాకా నాది కాదు.

పావుగంటలో బావకి పడింది. నాకన్నా పద్ధతిగా చుట్టాడు, ఆ మాట ఒప్పుకోవాలి. చిన్నది, మూడు పౌన్లు ఉంటుందేమో. పొట్ట రెక్కల్లో ఒకటి లేదు, ఉండాల్సిన చోట నున్నగా గీసినట్టుంది. "హేచరీది! హేచరీది!" అని ఆ ఐస్ మీద గెంతబోయి, ఎక్కడున్నాడో గుర్తొచ్చి ఆగాడు. అది పైకి వచ్చింది.

అప్పుడు టైము పదకొండు. చిత్రం చూడండి, పొద్దుట్నుంచి నిద్రపోయిన ఫ్లాషర్ నిండా అప్పుడే గీతలు. ఒకటి పోతే ఒకటి. నా కోటా ఇంకా మిగిలే ఉంది. "ఇంకొక్క పావుగంట బావా" అన్నాను. ఆయనా వాచీ చూసి చూడనట్టు ఊరుకున్నాడు. ఇద్దరం పెద్దాయన మాట తప్పడానికి సిద్ధపడ్డ క్షణం అది, దాచుకోవడం దేనికి.

ఎర మార్చుకుందామని తొట్టి వైపు నాలుగడుగులు వేశాను. కుడికాలు దిగిపోయింది. మామూలు కన్నమే, వారం కిందట ఎవరో వేసుకున్నది. నీళ్లు దిగీ దిగీ బక్కెట్ మూతంత వెడల్పయింది, మీద తడిమంచు కప్పుకుని కనపడకుండా ఉంది. తొడదాకా పోయింది, రెండో మోకాలు ఐస్ మీద గట్టిగా తగిలి ఆగాను. బూటులోకి నీళ్లు వెళ్తున్నప్పుడు చలి అనిపించలేదు. ఎవరో పాదం మీద కాల్చినట్టనిపించింది. ఊపిరి దానంతటదే లోపలికి లాక్కుంది, వదలమంటే వదలదు. ఒక్క కాలికే ఇలా ఉంటే ఆ మొదటి నిమిషం అంటే ఏంటో తెలిసింది.

బావ పరిగెత్తుకు రాలేదు. దూరంగా బోర్లా పడుకుని తాడు విసిరాడు. నేర్చుకున్న పాఠం అంత బాగా గుర్తుంచుకుంటాడని నేను అనుకోలేదు. తాడు అవసరం లేకుండానే బయటపడ్డాను గానీ, ఆ తాడు పట్టుకునే ఉన్నాను కాసేపు.

పొడి మేజోడు మార్చుకుని, కాలికి రొట్టె తెచ్చుకున్న ప్లాస్టిక్ సంచి చుట్టి, దానిమీద బూటు వేసుకుని బయల్దేరాం. వచ్చిన దారే, మా అడుగులే, మళ్లీ మూడేసి దెబ్బలే. పొద్దున టంగుమన్న చోట్లు కొన్ని దబ్‌మంటున్నాయి. ఒకచోట మూడో దెబ్బకి గునపం కొసన నీళ్లు ఊరాయి. బావ చెయ్యెత్తాడు, ఇద్దరం పది అడుగులు వెనక్కి వేసి పక్కనుంచి చుట్టి వెళ్లాం. ఒడ్డు దగ్గర పొద్దున రెండడుగులున్న నీళ్లు ఇప్పుడు నాలుగడుగులు. పలక కొస ఐస్ అంచు మీద బెత్తెడు మేర ఆనుకుని ఉంది, అంతే. తొట్టి ముందు తోసి, ఒకరి తర్వాత ఒకరం పాక్కుంటూ దాటాం. పదకొండూ ముప్పై అయిదు.

అక్క చేపని చూసింది, నా కాలు చూసింది. చేపని తీసుకుంది. కోసినప్పుడు లోపల కండ లేత నారింజరంగులో ఉంది. నూనె ఉన్న చేప ఇది, పులుసుకి నూనె సగం వేస్తే చాలు. చింతపండు కాస్త ఎక్కువ పడాలి. ముక్క కొరమీనులా బిగువుగా ఉండదు, ఎక్కువ కదిపితే విడిపోతుంది కాబట్టి గరిటె పెట్టకుండా గిన్నె తిప్పాలి. పెద్ద లేక్ ట్రౌట్లలో పాదరసం ఎక్కువ చేరుతుంది, నెలకి ఎన్నిసార్లు తినొచ్చో అంటారియో ప్రభుత్వం సరస్సు వారీగా లెక్క ఇస్తుంది. చిన్నది పడటమే మంచిదైందని బావ ఇప్పటికీ వాదిస్తాడు.

పులుసు పొయ్యి మీదుండగా పెద్దాయన ఫోన్. ఎంత బరువు అని అడగలేదు. "పొట్టలో ఏముంది?" అన్నాడు. ట్రౌట్లు తినే చిన్న హెర్రింగు చేపలు రెండు, సగం అరిగినవి అని చెప్పాడు బావ. అవతల సంతోషం వినపడింది. నేను వదిలిన చేప సంగతి చెప్పాను. "అన్నీ ఉన్నాయా? లెక్కపెట్టావా?" అన్నాడు. రెండుసార్లు అన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు.

తర్వాత అడిగాడు, "మరి ఉంచుకున్నదానికి ఏ రెక్క లేదు? ఎడమదా, కుడిదా?"

బావ ఎడమ అన్నాడు. నేను కుడి అన్నాను. చేప బోర్లా ఉంటే ఎడమ, వెల్లకిలా ఉంటే కుడి, నువ్వు ఎటు నుంచి చూశావు, నేను ఎటు నుంచి చూశాను అని ఫోన్ పక్కన పెట్టి వాదించుకున్నాం. అవతల ఆయన ఓపిగ్గా ఆగి ఉన్నాడు. చివరికి ఇద్దరం కలిసి అక్క వైపు చూశాం.

"ఆ రెక్కలూ తోకా ఎప్పుడో చెత్తబుట్టలో పడ్డాయి" అంది అక్క, గిన్నె మీద మూత పెడుతూ. "కావాలంటే వెళ్లి వెతుక్కోండి. పులుసు మాత్రం కదపనివ్వను."